డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ సలహా పనికిరాలేదా? యాప్ తీసెయ్యకముందే ఈ పనులు చేయండి

కోపం రాగానే యాప్‌ని ఫోన్‌లోంచి తీసెయ్యకండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ పని చేసేసే వస్తున్నారు. యాప్ పోతే చాట్ పోవచ్చు, కాల్ ఎంతసేపు నడిచిందో చూపించే వివరం పోవచ్చు, బిల్లు పోవచ్చు. పోనిది ఒక్క ఆటోపే మాత్రమే. అది బ్యాంకులో అలాగే ఉండి, నెల తిరగ్గానే మళ్లీ డబ్బు లాగుతుంది.

నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర మాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. పరీక్ష దరఖాస్తులు, కరెంటు బిల్లులు, పాస్‌బుక్ ప్రింట్లు రోజూ ఉండే పనులే. ఈమధ్య వాటితోపాటు "అక్కా, డాక్టర్ యాప్‌ల పైసలు కట్టిన, రెండు నిమిషాలు గూడ మాట్లాడలే" అంటూ ఫోన్ చేతికిచ్చేవాళ్లు పెరిగారు. డాక్టర్ సలహా, లాయర్ సలహా, షేర్ల టిప్పులు, జాతకం అన్నీ నిమిషాల లెక్కన అమ్ముతున్నారు. సలహా అడిగేది ఒంట్లో బాగాలేనివాళ్లు, భూమి తగాదాలో ఉన్నవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గర ఐదొందలు తీసుకుని చేతులు దులుపుకోవడం నాకు చాలా బాధ అనిపిస్తుంది. డబ్బు తిరిగి రాబట్టడానికి మేం ఇక్కడ ఏం చేస్తామో వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

"సలహా బాగాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "మా నిపుణుడు తన అనుభవం మేరకు చెప్పారు" అని ఒక్క వాక్యం పంపి ఫిర్యాదు మూసేస్తారు. సలహా మంచిదా చెడ్డదా అన్న వాదన ఎంతకీ తెగదు. మీకు ఏం ఇస్తామన్నారు, ఏం ఇచ్చారు అన్నది మాత్రం తెగుతుంది. ఫిర్యాదు మొత్తం ఆ తేడా మీదే నిలబెట్టాలి.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆయన పట్టా పాస్‌బుక్‌లో భూమి విస్తీర్ణం తక్కువ పడింది. రెండెకరాల పది గుంటలు ఉండాల్సింది ఎకరం ముప్పై గుంటలే చూపిస్తోంది. కొడుకు ఒక న్యాయ సలహాల యాప్‌లో 799 రూపాయలు కట్టి కాల్ బుక్ చేశాడు. అవతలి లాయరు హిందీలో మొదలుపెట్టి, సివిల్ కోర్టులో దావా వేయమని చెప్పి పెట్టేశాడు. భూభారతి చట్టం అనే పేరే ఆ లాయరు వినలేదు. తెలంగాణలో ఆ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది, రికార్డు సవరణకు దరఖాస్తు పెట్టుకునే దారి అందులోనే ఉంది. ఇది మా సెంటర్‌కి వచ్చే రైతులందరికీ తెలుసు.

కొడుకు రాసుకొచ్చిన ఫిర్యాదు నిండా "లాయరుకు చట్టం తెలియదు, మోసం చేశాడు" అని ఉంది. అది పక్కన పెట్టి, బుక్ చేసిన పేజీ మళ్లీ తెరిచి చూశాం. అందులో మూడు మాటలు స్పష్టంగా రాసి ఉన్నాయి: 20 నిమిషాలు, తెలుగులో, తెలంగాణ భూ వ్యవహారాల నిపుణుడు. కాల్ వివరాల్లో చూస్తే 6 నిమిషాల 12 సెకన్లు. కాల్ తర్వాత లాయరు పంపిన మెసేజీ కూడా హిందీలోనే ఉంది. మూడో మాట సంగతి వదిలేసినా మొదటి రెండింటికి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఫిర్యాదు ఆ రెండింటి మీదే రాశాం. 799 మొత్తం వెనక్కి వచ్చింది.

లాయర్ల విషయంలో ఇలా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు చెప్పింది. అందుకే "లాయరు సరిగా వాదించలేదు, తప్పు సలహా ఇచ్చాడు" అని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే అక్కడ నిలవదు. లాయరు ప్రవర్తన మీద ఫిర్యాదు ఉంటే అది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి పెట్టుకోవాలి. యాప్ వాళ్లు డబ్బు తీసుకుని ఇవ్వని నిమిషాలు, ఇవ్వని భాష, అడక్కుండా వేసిన సభ్యత్వం వేరే లెక్క. ఫిర్యాదులో ఈ రెండింటినీ కలపకండి. డాక్టర్ల విషయం ఇలా కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

ఆధారాలు

ఫోన్ చేతిలో ఉండగానే ఇవి స్క్రీన్‌షాట్ తీయండి: ఏం ఇస్తామన్నారో రాసి ఉన్న పేజీ, మీ బుకింగ్, కాల్ ఎంతసేపు నడిచిందో చూపించే స్క్రీను, మొత్తం చాట్, రిఫండ్ షరతులున్న పేజీ. షరతుల పేజీ తర్వాత మారిపోవచ్చు, అందుకే ఈ రోజే తీసి పెట్టుకోవాలి. స్క్రీన్‌షాట్ మీద తేదీ, టైము కనిపించాలి. చాట్ పొడుగ్గా ఉంటే పైనుంచి కిందికి స్క్రోల్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ చేయండి.

తర్వాత బిల్లు. చాలామంది దీన్ని వదిలేస్తారు. నిజానికి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే. యాప్ పేరు ఒకటి ఉంటుంది, దాన్ని నడిపే కంపెనీ పేరు ఇంకొకటి ఉంటుంది, బ్యాంకు మెసేజీలో కనిపించే పేరు మూడోది. ఫిర్యాదు కంపెనీ అసలు పేరు మీద వెళ్లాలి. ఆ పేరు, చిరునామా జీఎస్టీ బిల్లులో ఉంటాయి. సలహా ఫీజు ఎంత, ప్లాట్‌ఫామ్ ఫీజు ఎంత అన్నది కూడా అందులోనే విడిగా ఉంటుంది. కొన్నిచోట్ల రిఫండ్ ఇస్తూ ప్లాట్‌ఫామ్ ఫీజు అట్టిపెట్టుకుంటారు. కాబట్టి అడిగేటప్పుడే మొత్తం ఎంతో అంకె వేసి అడగండి. బిల్లు ఈమెయిల్‌కి రాకపోతే అడిగి తెప్పించుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో తప్పే.

రూపాయి ట్రయల్

ఈ విషయంలో నాకు ఓపిక లేదు. "ఒక్క రూపాయికే నిపుణుడిని అడగండి" అంటారు. మీరు యూపీఐ పిన్ కొడతారు. పిన్ కొట్టే స్క్రీను మీదే, కింద చిన్న అక్షరాల్లో, నెలకు 499 వరకు తీసుకోవచ్చని ఉంటుంది. మీరు కొట్టిన పిన్ రూపాయికి మాత్రమే కాదు, ఆ 499కి కూడా. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి వాటిల్లో 15,000 రూపాయల దాకా ప్రతిసారీ మళ్లీ పిన్నో ఓటీపీనో అడగరు.

మీకు దక్కే రక్షణ కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. డబ్బు తీసే ముందు, కనీసం 24 గంటలు ముందుగా, మీకు సమాచారం పంపాలి. వద్దనుకుంటే ఆపేసుకునే వీలు ఇవ్వాలి. ఆ మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయి, రోజూ వచ్చే వందల లోన్ మెసేజీల్లో కలిసిపోతాయి. ఈ రోజే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో మీ ప్రొఫైల్ ఫొటో మీద నొక్కి, "ఆటోపే" అని ఉన్నచోటికి వెళ్లండి. ఎవరెవరికి అనుమతి ఇచ్చారో వరసగా కనిపిస్తుంది. అక్కర్లేనిది రద్దు చేయండి, రద్దయినట్టు చూపించే స్క్రీను కూడా దాచుకోండి. కార్డు మీద ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లోనో కార్డు వెబ్‌సైట్‌లోనో ఇలాంటి జాబితా ఉంటుంది. దొరక్కపోతే బ్రాంచికి వెళ్లి "ఈ-మ్యాండేట్ రద్దు చేయాలి" అని అడగండి.

రద్దు బటన్ ఎక్కడో దాచిపెట్టి, సభ్యత్వంలో చేరడం సులువు, బయటపడటం కష్టం అన్నట్టు యాప్ కడితే దానికి ప్రభుత్వం పెట్టిన పేరు "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్". కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్లను తికమకపెట్టే డిజైన్ ఎత్తుగడల్లో, ఇదీ ఒకటి. మీకు తెలియకుండా ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని మీ ఒప్పుకోలుగా లెక్కేయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదులో ఈ రెండు మాటలూ పేరుపెట్టి రాయండి. అవి ఉన్న ఉత్తరాన్ని కస్టమర్ కేర్ వాళ్లు మామూలు జవాబుతో సరిపెట్టి మూసేయలేరు.

కంపెనీకి రాయడం

కస్టమర్ కేర్ చాట్‌లో గంటలు గంటలు వాదించకండి. పైన చెప్పిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారమే ప్రతి ఈ-కామర్స్ సంస్థా గ్రీవెన్స్ ఆఫీసర్‌ని, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని, పెట్టాలి. ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు యాప్‌లో కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ వివరాలు సాధారణంగా షరతుల పేజీ అట్టడుగున ఉంటాయి. ఈమెయిల్ అక్కడికి పంపండి.

ఉత్తరం పొడుగు ఉండకూడదు. మేం రాసే తీరు ఇదీ:

"ఫలానా తేదీన ఫలానా బుకింగ్ నంబరు మీద 799 రూపాయలు చెల్లించాను. మీ పేజీలో 20 నిమిషాల కాల్, తెలుగులో అని ఉంది. కాల్ 6 నిమిషాల 12 సెకన్లు మాత్రమే నడిచింది, హిందీలో నడిచింది. రెండు స్క్రీన్‌షాట్లు జతచేశాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవాలోపం. 799 రూపాయలు మొత్తం నేను కట్టిన ఖాతాకే తిరిగి జమ చేయగలరు. వాలెట్ క్రెడిట్ గానీ మరో ఉచిత కాల్ గానీ నాకు అక్కర్లేదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను."

వాలెట్ గురించి రాసిన వాక్యాన్ని వదలకండి. మొదట వాళ్లు ఇవ్వజూపేది అదే. "మీ వాలెట్‌లో 800 వేశాం, ఇంకో నిపుణుడితో మాట్లాడండి" అంటారు. ఒకసారి వాడుకున్నారంటే మీ సమస్య పరిష్కారమైనట్టు వాళ్ల లెక్కలో పడుతుంది. భాష సంగతి కూడా చెబుతాను. తెలుగులో రాయడం మీ హక్కే. కానీ చదివేవాళ్లు బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో ఉంటారు కాబట్టి, తెలిసినవాళ్లెవరితోనైనా ఇంగ్లీషులో రాయిస్తే పని త్వరగా కదులుతుంది.

"నాన్ రిఫండబుల్ అని ముందే రాశాం" అని జవాబు వస్తే భయపడొద్దు. లోపం ఉన్న సేవకు బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కిస్తుంది. మీ మనసు మారి రద్దు చేసుకుంటే వాళ్ల షరతు వర్తిస్తుందేమో గానీ, ఇస్తామన్నది ఇవ్వనప్పుడు దాని వెనక దాక్కోవడం కుదరదు.

మరో హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు ఉంటాయి. వాళ్లు "రిఫండ్ పంపిస్తాం, ఈ యాప్ వేసుకోండి, పిన్ కొట్టండి" అంటారు. మీ ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే, ఇదంతా వదిలేసి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

1915, ఆపైన

కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. జాతీయ సెలవులు తప్ప రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఫోన్ చేసే ముందు కంపెనీ అసలు పేరు, తేదీ, మొత్తం, కంపెనీకి రాసిన ఈమెయిల్ దగ్గర పెట్టుకోండి. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. ఆదేశాలిచ్చే అధికారం వాళ్లకు లేదు. అయినా నేను చూసినంతలో ఐదొందలు, వెయ్యి రూపాయల గొడవలు చాలావరకు ఇక్కడే తెగుతున్నాయి. ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నిలవడం కంపెనీలకు ఇష్టం ఉండదు.

దీంతోపాటే బ్యాంకులో కూడా కదిలించండి. క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు మీద కట్టి ఉంటే "చెప్పిన సేవ అందలేదు" అని చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించడం, అడగొచ్చు. దీనికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. యూపీఐ అయితే ఆ చెల్లింపు తెరిచి అక్కడే ఉన్న సహాయం బటన్ నుంచి ఫిర్యాదు పెట్టాలి. బ్యాంకు 30 రోజుల్లో పలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇవేవీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడిదైనా సరే, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. 2019 చట్టం ఇచ్చిన పెద్ద మేలు ఇదే. మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ని పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు వేయొచ్చు, వీడియోలో విచారణకు హాజరవుతామని అడగొచ్చు. అఫిడవిట్ మాత్రం కావాలి. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. 500 రూపాయల కోసం ఇంతదూరం వెళ్లాలా అన్నది మీ ఇష్టం. తప్పుడు సలహా వల్ల ఆరోగ్యమో వేలల్లో డబ్బో నష్టపోయి ఉంటే మాత్రం తప్పకుండా వెళ్లమంటాను.

డాక్టర్ సలహా అయితే

ఇక్కడ డబ్బు రెండో విషయం. ముందు ఒంటి సంగతి చూడాలి. అనుమానం వస్తే ఆ మందులు మొదలుపెట్టే ముందు దగ్గర్లోని డాక్టర్‌కి చూపించండి. ఒకామె పాప ఒంటిమీద దద్దుర్లకు యాప్‌లో చీటీ రాయించుకుని మా దగ్గర ప్రింట్ తీసుకోవడానికి వచ్చింది. చీటీ మీద డాక్టర్ పేరు ఉంది, కింద సంతకం బొమ్మ ఉంది, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. పాప వయసు ఉండాల్సినచోట ఖాళీ. "వయసు అడగలేదా అక్కా?" అంటే "ఫొటో పెట్టమన్నరు, పెట్టిన. గంతే" అంది. ప్రింట్ తీసిచ్చాను గానీ, మెడికల్ షాపుకి పోకముందు పిల్లల డాక్టర్‌కి చూపించమని బతిమాలాను. చూపించింది కూడా.

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద, రసీదు మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వయసు తెలుసుకోకుండా మందు రాయకూడదు. ఫీజుకు రసీదు ఇవ్వాలి. నేరుగా చూడాల్సిన జబ్బైతే డాక్టరే ఆ మాట చెప్పాలి. కంప్యూటర్ ప్రోగ్రామే, అంటే ఏఐ, రోగికి సలహా ఇవ్వడం, మందులు రాయడం కుదరదని కూడా అందులో ఉంది. అర్ధరాత్రి అడిగినా అరక్షణంలో గుక్కతిప్పుకోకుండా జవాబులు వస్తుంటే, "మీరు డాక్టరేనా, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" అని చాట్‌లోనే అడగండి. నంబరు రాకపోతే ఆ చాటే మీ ఆధారం. నంబరు వస్తే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూడండి.

షేర్ల సలహాకు దారి వేరు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో నమోదై ఉండాలి. సలహాదారుల నంబరు ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుల నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. నమోదైనవాళ్ల మీద సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెడితే 21 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నంబరే లేని టెలిగ్రామ్ గ్రూపుకి కట్టి ఉంటే అది సైబర్ నేరం కింద 1930కి చెప్పాల్సిన విషయం. జాతకాల యాప్‌లో చెప్పింది జరగలేదని ఫిర్యాదు చేయలేరు. నిమిషాల లెక్క తేడా వస్తే, వాలెట్‌లో డబ్బు ఇరుక్కుపోతే చేయొచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. ఐదు డాలర్లకు ఒక ప్రశ్న అడిగితే నెలనెలా సభ్యత్వం పడుతోందని. అక్కడ క్రెడిట్ కార్డు బిల్లులో తప్పు లెక్క పడితే, అది కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇక్కడ ఉన్న అమ్మానాన్నల ప్రశ్న కోసం మీ కార్డు వాడి ఉంటే ఫిర్యాదు మీరే చేయాలి, 1915 వాళ్ల చేతిలో ఉండదు.

ఇంకోసారి డబ్బు కట్టేముందు ఉచితంగా దొరికేవి ఒకసారి చూడండి. ప్రభుత్వ ఈ-సంజీవనిలో డాక్టర్‌తో వీడియోలో మాట్లాడటానికి పైసా అక్కర్లేదు. న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతారు. పంట గురించైతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే. ఆ పెద్దాయన పాస్‌బుక్ సంగతి కూడా మండల కార్యాలయంలో దరఖాస్తు పెట్టాకే కదిలింది.